నాలుగుకొకటి, తొమ్మిదికొకటి

త్లాకెపాకె, 12 జనవరి 1991

అబుందియో బాబాయ్‌కి,

నేను బొమ్మలు వేయడం మానేశాను. ఈ సంగతి మీకు వేరేవాళ్ల నోట తెలిసేలోపు నేనే చెప్పాలని రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది. ఎవరితోనూ గొడవ పడలేదు.

ఇరవై ఆరేళ్లుగా నీళ్ల కడవలే వేస్తున్నానని మీకు తెలుసు. నవంబరులో నా ప్రదర్శన జరిగింది. జనం బాగా వచ్చారు, పత్రికలు బాగా రాశాయి. ఆఖరి రోజు బొమ్మలు దింపుతుంటే, ఆ హాలు ఊడ్చే డోన్యా ఎదువీకిస్ చీపురు పక్కన పెట్టి నన్ను అడిగింది: "ఏమ్మా, ఈ నీళ్లకి పొద్దుగూకదా? పొద్దున ఊడ్చేటప్పుడూ ఇదే వెలుగు, తలుపులేసి పోయేటప్పుడూ ఇదే వెలుగు. నెల్రోజుల్నించీ చూస్తున్నా."

మరునాడు పెయింట్ గొట్టాల మూతలన్నీ బిగించి పెట్టెలో పెట్టాను.

మా ఇంటికి రెండు వీధుల అవతల నికనోర్ మేస్త్రి కార్ఖానా ఉంది. ఇప్పుడు రోజూ అక్కడికే వెళ్తున్నాను. గాజు పనిలో దిగాను. చేతులు రెండు చోట్ల కాలాయి, పెద్దవి కావు. చోలే పిన్నికి చెప్పకు.

మీ అంపారో


శాన్ హెరోనిమో, 3 ఫిబ్రవరి

అమ్మడూ,

పిన్నికి చెప్పకు అని రాసిన ఉత్తరాన్ని పిన్ని చేతే చదివించుకున్నాను. నా కళ్లద్దాలు కొలిమి దగ్గర మరిచాను మరి. కాబట్టి ముందు కలబంద గుజ్జు రాయమంటోంది, తర్వాతే నా మాటలు.

గాజు పనిలో దిగావన్నావు. చాలా సంతోషం. మీ నాన్న ఉంటే ఆయనా అదే మాట అనేవాడు. నీ బొమ్మల్ని నేనెప్పుడూ కాదనలేదు, కానీ మనుషులకు బొమ్మల కంటే కిటికీలు ఎక్కువ కావాలి. పోయిన ఆగస్టులో పడిన వడగళ్లకు మా చర్చిలో ఎనిమిది అద్దాలు పగిలాయి. అప్పటి నుంచి అట్టముక్కలే. పాద్రీ సిరీలో గారితో వెంటనే చెప్పాను: "మా అన్న కూతురు అద్దాలు బిగించే పనిలోకి వచ్చిందండీ, ఇక మీకు దిగుల్లేదు." ఆయన ఆదివారం అందరి ముందూ ప్రకటించేశాడు.

కొలతలు ఇందులోనే ఉన్నాయి. ఒక్కో కిటికీకి ఒక్కో తాడు. మొదటి కొస నుంచి ముడి దాకా ఎత్తు. ముడి తర్వాత వెడల్పు. ఎర్ర తాడు మాత్రం కొంచెం సాగింది, దానికి వేలెడు తగ్గించుకో.

మొలాంగో ఊరి చర్చికి కంచు గంట పోయిన వారం పోశాం. మూడు వందల కిలోలు. అచ్చు పగలగొట్టి మొదటి దెబ్బ కొడితే అవతలి కొండ మీద మేకలు తలెత్తి చూశాయి.

ఆశీస్సులతో,
అబుందియో


త్లాకెపాకె, 20 ఫిబ్రవరి

బాబాయ్,

ఎనిమిది తాళ్లూ బల్ల మీద పరిచి చాలాసేపు నవ్వాను. తర్వాత ఊరందరి ముందూ నీ మాట పోతుందని సిగ్గేసింది. అద్దాలు కోయించాను, గడ్డిలో చుట్టించి బస్సులో వేయిస్తాను. ఎర్ర తాడుకు వేలెడు తగ్గించాను. కానీ నేను అద్దాలు బిగించే మనిషిని కాను బాబాయ్. ఈసారి వివరంగా రాస్తాను.

మొదట రంగును పలచన చేసుకుంటూ పోయాను. గుడ్డ నేత బయటపడేంత పలచన. అయినా వెలుగు దాని మీద పడి ఆగిపోయేది. తర్వాత గుడ్డ వదిలి గాజు పలక వెనక వైపు రంగు వేశాను. వెలుగు కొంచెం లోపలికి వెళ్లింది, కానీ నా రంగే దానికి అడ్డుపడింది. అప్పుడు నికనోర్ మేస్త్రి అన్నాడు: "అమ్మగారూ, పైన పూస్తారెందుకు? రంగు గాజులోనే ఉంటది. కోబాల్టు చిటికెడు వెయ్యండి, అడ్డు తప్పుకోండి." ఆయన పోసి ఇచ్చిన నీలం దిమ్మ నా రొట్టెల బుట్టంత ఉంటుంది. కిటికీలో పెట్టాను. ఉదయం ఒక రంగు, పన్నెండింటికి మరొకటి, సాయంత్రం ఆరింటికి దాదాపు నలుపు. దానికి పొద్దుగూకుతుంది.

గ్వాదలహారాలో కొత్త గ్రంథాలయం కడుతున్నారు. పడమటి వైపు మూడంతస్తుల ఎత్తు కిటికీ ఉన్న హాలులో పెట్టడానికి నన్నొక పని అడిగారు. ఆ కిటికీ గోడ ముందు మనిషి కంటే ఎత్తైన కడవ చేస్తానన్నాను. కడవ ఆకారంలో చుట్టూ పన్నెండు కంచు బద్దలు వేలాడతాయి, వాటి మధ్య గాజు దిమ్మలు. కమిటీ పెద్ద సెన్యోరా విల్యాల్పాందో మర్యాదస్తురాలు. మర్యాదగానే చెప్పింది: "నవంబరు పదిహేనుకి ప్రారంభం అండీ. అప్పటికి అవ్వకపోయినా మీరు కంగారు పడకండి. మీ పాత 'ఏడు కడవలు' బొమ్మ మా దగ్గరే ఉందిగా, అదే అక్కడ పెట్టేస్తాం."

నా దిగులంతా అక్కడే ఉంది. అక్కడ ఆ బొమ్మ వేలాడితే, నేను వదిలేసిన పనిని ఊరంతా రోజూ చూస్తుంది. మొదలుపెట్టిన పని ఎవరికీ కనబడదు. నాకు నలభై ఏడేళ్లు. ఇంత పెద్ద గోడ ఇంకోసారి నన్నెవరూ అడగరు.

గాజు ఇక్కడ పోయిస్తాను. కంచు మాత్రం మన కొలిమిలోనే పోయాలి. ఒక్కో బద్ద నిలువెత్తు పొడుగు, అరచేతి వెడల్పు, గాజు తగిలించడానికి రెండేసి కొక్కేలు. గీతలు జత చేశాను. పోస్తావా?

మీ అంపారో


శాన్ హెరోనిమో, 17 మార్చి

అమ్మడూ,

అద్దాలు చేరాయి. ఏడు సరిపోయాయి. ఎర్ర తాడుది వేలెడు తక్కువైంది. ఆ తాడు సాగలేదట, నేనే పొరబడ్డాను. అక్కడ పాద్రీ గారు పుట్టీ దట్టంగా పెట్టించి, "ఇది గొప్ప చిత్రకారిణి స్వహస్తాలతో చేసింది" అని మళ్లీ ప్రకటించాడు. నేను దిద్దలేదు.

నీ గీతలు గోడకు అంటించాను. నాకర్థమైంది ఇది: గంట కాదు, దీపపు సెమ్మె కాదు, గాజుకు కాపలా కాసే కంచు. అలాంటిది మన ఇంట్లో ఎవరూ చేయలేదు. అయినా అడగాల్సినవి అడుగుతాను. ఏ స్వరం కావాలి? పన్నెండూ ఒకే స్వరమా, మెట్లు మెట్లుగానా? స్వరం రాయలేదు నువ్వు. వేలాడదీస్తానన్నావు కాబట్టి మోగాలనే అనుకుంటున్నాను. వేలాడి కూడా మోగని కంచును జనం ఏమంటారో నీకు తెలుసు, పిన్ని ఎదురుగా ఆ మాట రాయలేను.

పిన్ని అంటోంది: "అడిగింది చెయ్యవయ్యా, ఆ పిల్ల బల్ల అడిగినా నువ్వు గంటే చేసిపెడతావు."

గుర్రపు పేడ, గడ్డి, ఎర్రమట్టి కలిపి నానబెట్టించాను. మట్టి నెల మగ్గాలి. మే చివరికి లారీ మీదకు ఎక్కిస్తాను.

అబుందియో


త్లాకెపాకె, 2 జూన్

బాబాయ్,

పన్నెండు బద్దలూ మంగళవారం దిగాయి. పైకి చూస్తే వంక పెట్టడానికి లేదు. బుధవారం మొదటి గాజు దిమ్మను పెట్టి, పడిపోకుండా కొక్కేన్ని దాని మీదకు సుత్తితో మెల్లగా వంచబోయాను. విరిగింది. రెండోది ఇంకా మెల్లగా కొట్టాను, అదీ విరిగింది. వేడి చేసి చూశాను, విరిగింది. నాలుగు బద్దలు పోయాక ఆపాను. విరిగిన చోట లోపలంతా బూడిదరంగు, పింగాణీ ముక్కలా ఉంది.

ఇదేం కంచు? ఇందులో తగరం ఎంత పడింది? ఎవరు కలిపారు? ఇక్కడి పోతపనివాళ్లకు చూపిస్తే, శిల్పాలకు తొమ్మిది పాళ్ల రాగికి ఒక పాలు తగరం అన్నారు, ఇందులో దానికి రెట్టింపు ఉందన్నారు. ఇంత పెళుసు సరుకుతో నేనేం చేయను?

అయిదున్నర నెలలు ఉన్నాయి. కమిటీ వాళ్లు శుక్రవారం వచ్చి విరిగిన ముక్కలు చూశారు. సెన్యోరా విల్యాల్పాందో 'ఏడు కడవలు' బొమ్మ కొలత ఎంతో గుర్తుందా అని అడిగింది.

అంపారో


శాన్ హెరోనిమో, 16 జూన్

అంపారో,

తగరం నేనే కలిపాను. యాభై ఒక్క ఏళ్లుగా నేనే కలుపుతున్నాను. నాలుగు పాళ్ల రాగికి ఒక పాలు తగరం. మీ నాన్న కలిపిందీ అదే, మా నాన్న కలిపిందీ అదే. నువ్వు తెలిసిన పోతపనివాళ్ల దగ్గరే ఉన్నావు కాబట్టి వాళ్లనే అడిగి పోయించుకో.

కంచును సుత్తితో వంచడం ఇక్కడెవరూ చూడలేదు.

అబుందియో

(అమ్మడూ, ఇది రాస్తున్నది పిన్నిని. ఈయన రెండు రోజులుగా జావ తప్ప ఏమీ ముట్టడం లేదు. "నా సరుకు కల్తీ అన్నది" అని ఒకటే మాట. నువ్వు అలా అనలేదని రెండుసార్లు చదివి వినిపించాను. "ఎవరు కలిపారు అంటే అర్థం అదే" అంటున్నాడు. నువ్వే ఏదో ఒకటి రాయి. పెళుసు అనే మాట మాత్రం వద్దు.)


త్లాకెపాకె, 30 జూన్

బాబాయ్,

తప్పు నాది. ఎక్కడ తప్పానో ఇప్పుడు తెలిసింది.

మన ఇంట్లో కంచు అంటే ఒకటే కంచు. రెండో రకం ఉంటుందని నాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు, ఉండనే లేదు కనుక. శిల్పాల కంచు వేరని నేను ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నాను. అయినా నీకు రాసేటప్పుడు "కంచు" అని మాత్రమే రాశాను, ఆ మాట ఇంటి మాటగానే కలంలోకి వచ్చింది. నువ్వు ఇంటి కంచు పోశావు. కల్తీ అని నేను కలలో కూడా అనుకోలేదు. విరిగినవి విరగడం నిజమే కానీ, విరిచింది నా సుత్తి.

ముక్కలు పట్టుకుని నికనోర్ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక ముక్కను ఇనుప గొట్టంతో తట్టాడు. అది మోగింది. కార్ఖానాలో అందరూ గాజు ఊదడం ఆపి ఇటు తిరిగారు.

"దీన్ని వంచాలని చూశారా?"

"చూశాను."

"ఎందుకు?"

"గాజు పడిపోకుండా."

"అమ్మగారూ, నేను పొద్దస్తమానం చేసే పనేంటి? గాజు వంచడమేగా. వేడి మీద అది బెల్లం పాకం. మీరు గట్టిదాన్ని వంచి మెత్తదాన్ని కాపాడాలని చూస్తున్నారు. కంచుని దాని మానాన ఉండనీండి. కొక్కెం ఎట్లుందో అట్లనే గాజుకి బెజ్జం పెడతా."

కరిగిన గాజును నేరుగా కంచు మీద పోస్తే, చల్లారేటప్పుడు రెండూ ఒకే తీరుగా ముడుచుకోవు, గాజు పగులుతుంది. అందుకని ఆయనకు కొక్కేల మట్టి నకళ్లు కావాలి. గాజును మట్టి చుట్టూ నొక్కి, మూడు రోజులు కొలిమిలో మెల్లగా చల్లార్చి, తర్వాత మట్టిని గీకేస్తాడు. ఆ బెజ్జంలో కంచు కొక్కెం వదులుగా కూర్చోవాలి. ఎంత వదులు అంటే, పోస్టుకార్డు దూరేంత.

విరిగిన నాలుగు బద్దల్ని తిరిగి పంపుతున్నాను, కరిగించి మళ్లీ నువ్వే పోయాలి. నీ పాళ్లతోనే, నీ ఇష్టం వచ్చినట్టే. మట్టి నకళ్లు ఇరవై నాలుగూ పంపు. పోయనంటే ఇంకెవరి దగ్గరా పోయించను. ఆ గోడ మీద 'ఏడు కడవలు' పెట్టుకుంటారు, అంతే.

పిన్నికి ముద్దులు. పిన్నీ, ఆయన చేత రొట్టె తినిపించు.

మీ అంపారో


శాన్ హెరోనిమో, 28 జులై

అమ్మడూ,

రొట్టె తింటున్నాను.

నీ మేస్త్రికి బుర్ర ఉంది. అతనిది ఏ ఊరు? గంటల పని వాళ్లలో చుట్టాలెవరైనా ఉన్నారేమో కనుక్కో.

మట్టి నకళ్లు ఇరవై నాలుగు, పైన ఆరు, దారిలో విరిగితే పనికొస్తాయి. కొత్త బద్దలు నాలుగు. పోస్టుకార్డు మందం అన్నావు. పాద్రీ గారి దగ్గర తీసుకున్న కార్డును ప్రతి కొక్కేనికీ చుట్టి చూశాను. ఆ కార్డు మీద ఉన్న కన్య మరియమ్మకు మసి పట్టింది, ఆయనకు తిరిగి ఇవ్వలేదు.

నాలుగింటినీ ఒకేసారి పోయలేదు. మొదట మూడు, ఒక రోజు ఆగి నాలుగోది. అది ఎందుకని అడక్కు. పనిలో అలా జరుగుతుంటుంది.

పోసేటప్పుడు ఇక్కడెవరూ మాట్లాడరని నీకు తెలుసు. ఈసారి పిన్ని మాట్లాడింది. "పిల్ల గోడ కోసం," అంది, అంతే.

అబుందియో


త్లాకెపాకె, 19 నవంబరు

బాబాయ్, పిన్నీ,

నిలబెట్టాం. గడువుకు మూడు రోజుల ముందే.

జరిగింది జరిగినట్టు చెబుతాను. ఇరవై నాలుగు దిమ్మల్లో అయిదు పగిలాయి, అవన్నీ సెప్టెంబరులోపే, కొలిమి తలుపు తొందరగా తీసినందుకు. ఆ తప్పు నాది. నికనోర్ మేస్త్రి మళ్లీ పోశాడు. హాలులో బిగించేటప్పుడు ఒక్కటీ పగల్లేదు. ఏ కొక్కేన్నీ ఎవరూ సుత్తితో ముట్టుకోలేదు. దిమ్మలు తమ బరువుతోనే కూర్చున్నాయి.

పదమూడున సెన్యోరా విల్యాల్పాందో వచ్చింది. సాయంత్రం నాలుగింటికి వచ్చి, పావుగంటలో వెళ్లిపోతానని చేతిగడియారం చూసుకుంది. ఆరుంబావుకు ఇంకా అక్కడే ఉంది. వెళ్లేటప్పుడు అంది:

"అంపారో గారూ, 'ఏడు కడవలు' కూడా పక్క గోడకి పెడదామా? జనానికి ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది."

"వద్దండీ."

"మంచి బొమ్మ కదా."

"మంచిదే. అందుకే మేడ మీద గదిలో పెట్టండి. ఇక్కడ దీన్ని ఒక్కదాన్నే ఉండనీండి."

పెట్టించలేదు. ప్రారంభం రోజు పత్రిక వాళ్లు నన్ను చిత్రకారిణి అనే రాశారు. ఒకడు మాత్రం ఫోన్ చేసి, "ఏమని రాయమంటారు, మేడమ్?" అని అడిగాడు. "గాజు, కంచు పని చేస్తుంది అని రాయండి" అన్నాను. రాశాడు.

కంచు మోగుతోంది బాబాయ్. పెద్ద తలుపు తీసినప్పుడల్లా గాలి వచ్చి బద్దలు ఒకదానికొకటి తగులుతాయి. గ్రంథాలయం కదా, అభ్యంతరం చెబుతారని భయపడ్డాను. అక్కడి ఉద్యోగులు ఇంకా ఏమీ అనలేదు.

ఒకటి అడగాలి. పన్నెండింటిలో ఒక బద్ద ఎర్రగా ఉంది. మిగతావి లేత పసుపు. జులైలో వచ్చిన నాలుగింటిలోదే అది. ఏది తగిలినా మోగదు, తట్టిన చెక్కలా టప్‌మంటుంది. తీసి చూపిస్తే నికనోర్ మేస్త్రి నవ్వి తన పనిలో పడ్డాడు. అది కొలిమిలో చెడిందా? చెడితే కొత్తది పోయించుకుంటాను. తొందరేమీ లేదు.

మీ అంపారో


శాన్ హెరోనిమో, 8 డిసెంబరు

అమ్మడూ,

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. సపొత్లానేహో ఊరి వాళ్లకు గంట దింపడానికి పోయిన గురువారం లారీలో అటే వచ్చాను. గంట వేలాడదీసి, పని అయ్యాక బస్సెక్కి నీ గ్రంథాలయానికి వెళ్లాను. మీ ఇంటికి రాలేదు. వస్తే నువ్వు పక్కన నిలబడి నా మొహం చూస్తుంటావు, నేను అబద్ధం చెప్పాల్సి వచ్చినా వస్తుంది. ఆ అవసరం పడలేదు.

రెండింటికి వెళ్లి అయిదున్నర దాకా కూర్చున్నాను. బస్సు ఉంది కాబట్టి లేచాను. నీ బొమ్మలు ఇంట్లో మూడున్నాయి, వాటి ముందు ఎప్పుడూ అంతసేపు నిలబడలేదు నేను, క్షమించు. నాలుగు దాటాక పడమటి ఎండ గాజులో నుంచి నేల మీద పడింది. నా బూట్లు నీలం అయ్యాయి. పక్కన చదువుకుంటున్న కుర్రవాడు కాళ్లు కొంచెం జరిపి పుస్తకం ఆ నీలంలో పెట్టుకున్నాడు.

తర్వాత లేచి బద్దల్ని ఒక్కొక్కటిగా వేలి కణుపుతో తట్టాను. అక్కడి కాపలావాడు పరుగున వచ్చాడు.

"పెద్దాయనా, ముట్టుకోకూడదు!"

"స్వరం చూస్తున్నానయ్యా."

"నువ్వెవరు స్వరం చూడ్డానికి?"

"పోసినవాణ్ని."

"ఓహో. ఇది చేసింది ఆడమనిషి. నిన్న కూడా ఒకాయనొచ్చి నేనే చేశానన్నాడు, గాజు కార్ఖానా అంట."

నీ మేస్త్రి అన్నమాట. అతనితో మాట్లాడాలి. కాపలావాడితో వాదన పెట్టుకోలేదు. అతను వెనక్కి తిరిగాక మిగతావి కూడా తట్టాను.

ఇక ఎర్ర బద్ద సంగతి. అది చెడలేదు. జులైలో మూడు నా పాళ్లతో పోశాను. తర్వాతి రోజు నాలుగోది తొమ్మిదికొకటి పాళ్లతో పోశాను. శిల్పాల వాళ్లు చెప్పే కంచు ఏమిటో ఒకసారి చూద్దామని. పిన్నికి కూడా చెప్పలేదు, కానీ రాగి తూకం చూసి ఆమెకు అర్థమైపోయింది, అందుకే ఆ రోజు నోరు తెరిచింది. అది పోసేటప్పుడు నీళ్లలా పారదు, చిక్కగా, బద్ధకంగా దిగుతుంది. చల్లారాక దాని కొక్కేన్ని పట్టకారుతో వంచి చూశాను. వంగింది. మళ్లీ వెనక్కి వంచాను, విరగలేదు. నువ్వు అడిగింది అదేనని అప్పుడు తెలిసింది.

నువ్వు నా పాళ్లతోనే పోయమన్నావు. నేను మాట తప్పి ఒకటి నీ పాళ్లతో పోశాను. సాయంత్రం అయిదింటికి అన్నిటి కంటే ముందు ఎరుపెక్కేది అదేనని నువ్వు చూసే ఉంటావు.

అది మోగదు. అయినా దింపకు. పదకొండు మోగుతున్నాయి కదా, చాలు.

అబుందియో